ఒంటికి ఎన్ని తలలు? విగ్రహాన్ని కొలిచి చూద్దాం

అందరికీ నమస్కారం. పాత విగ్రహం ఏదైనా కనబడగానే "అబ్బ, అప్పట్లో మనుషులు ఇలా ఉండేవాళ్లా" అనిపిస్తుంది కదా. ఉండేవాళ్లు కాదండి, ఇంచుమించు మనలాగే ఉండేవాళ్లు. ఒళ్లంటే ఇలా ఉండాలని ఆ కాలం వాళ్లు ఒప్పుకున్న ఒక కొలత ఉంటుంది, రాతిలో కనబడేది అదే. దాన్ని పట్టుకోవడం ఎలాగో ఇవాళ చూద్దాం. ఒక కాగితం ముక్క, పెన్సిల్ ఉంటే చాలు.

ముందు పద్ధతి చెప్పేస్తాను. నిటారుగా నిలబడి ఉన్న బొమ్మను ఎంచుకోండి. కాగితం అంచును బొమ్మ పక్కన పెట్టి, నడినెత్తి నుంచి గడ్డం కింద వరకు గుర్తు పెట్టుకోండి. కిరీటం, ఎత్తుగా చుట్టిన జుట్టు లెక్కలోకి రావు, చాలామందికి లెక్క తప్పేది ఇక్కడే. ఆ కొలతను కిందికి జరుపుకుంటూ పాదాల దాకా ఎన్నిసార్లు పట్టిందో లెక్కపెట్టండి. మామూలు పెద్దవాళ్లకు ఏడు, ఏడున్నర తలలు వస్తాయి. అంతకంటే బాగా ఎక్కువ వస్తే శిల్పి ఒంటిని సాగదీశాడన్నమాట.

మొదట విల్లెండోర్ఫ్ వీనస్ అనే చిన్న స్త్రీ బొమ్మ. 1908లో ఆస్ట్రియాలో దొరికింది, సున్నపురాయి, ఎత్తు 11 సెంటీమీటర్లే, వయసు 25 వేల ఏళ్ల పైమాటే. ఇక్కడ మన కాగితం పనిచేయదు. ముఖం లేదు, తల చుట్టూ వరసలు వరసలుగా అల్లికలాంటిది చెక్కారు, పాదాలు అసలే లేవు, సన్నటి చేతులు రొమ్ముల మీద ఆనించి ఉన్నాయి. పొట్ట, రొమ్ములు, తుంటి దగ్గరకొచ్చేసరికి మాత్రం ఎంత ఓపికో చూడండి, బొడ్డుతో సహా చెక్కారు. సంతాన దేవత అని చాలామంది ఠక్కున చెప్పేస్తారు గానీ, అప్పటివాళ్లు ఏమీ రాసిపెట్టలేదు కాబట్టి నేనంత దూరం పోను. ఏది వదిలేశారో, దేని మీద చెయ్యి ఆగిందో చూస్తే చాలు.

ఈజిప్టుకొస్తే కథ పూర్తిగా వేరు. అక్కడ లెక్క గోడ మీదే కనబడుతుంది. ఎర్ర రంగులో ముంచిన దారంతో గళ్లు కొట్టుకుని బొమ్మ వేసేవాళ్లు, పని మధ్యలో ఆగిపోయిన సమాధుల్లో ఆ గీతలు ఇప్పటికీ ఉన్నాయి. అరికాలి నుంచి నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు వరకు 18 గళ్లు, మోకాలు ఆరో గడి దగ్గర. రాజుగారి ఒళ్లు నిజంగా ఎలా ఉందన్నది ఎవరికీ అక్కర్లేదు, ఎవరు వేసినా బొమ్మ అదే లెక్కలో రావాలి, అంతే. క్రీస్తుపూర్వం 14వ శతాబ్దంలో అఖెనాతెన్ అనే రాజు ఒక్కడు దీన్ని తిరగేశాడు: సాగిన ముఖం, జారిన పొట్ట, వెడల్పాటి తుంటి. ఆయన పోయాక మెల్లగా మళ్లీ పాత పద్ధతికే వెళ్లిపోయారు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం, కాబట్టి కొంచెం లేచి నిలబడండి. నిజంగానే, వీడియో పాజ్ చేసి లేవండి. గ్రీకుల తొలి కాలపు యువకుల విగ్రహాలు, కూరోస్ అంటారు, ఎడమ కాలు ముందుకు వేసి కర్ర మింగినట్టు నిలబడి ఉంటాయి. మీరూ అలాగే రెండు కాళ్ల మీద సమానంగా బరువు వేసి నిలబడండి, నడుము మీద చేతులు పెట్టుకోండి. ఇప్పుడు బరువంతా కుడి కాలి మీదికి మార్చి ఎడమ మోకాలు వదులు చేయండి. కుడి తుంటి పైకి లేచింది కదా? అద్దంలో చూస్తే కుడి భుజం కొంచెం కిందికి దిగి ఉంటుంది. క్రీస్తుపూర్వం 480 ప్రాంతంలో చెక్కిన క్రిటియోస్ బాలుడిలో ఈ బరువు మార్పిడి మొదటిసారి స్పష్టంగా కనబడుతుంది, ఇంతా చేస్తే తేడా వేలెడు కూడా ఉండదు, కానీ అంతవరకు రాయిగా ఉన్నది అక్కడ ఊపిరి పీల్చుకుంటున్నట్టు అనిపిస్తుంది. పోలిక్లైటోస్ ఆ నిలబడే తీరుకు లెక్కలు కట్టి ఈటె పట్టిన యువకుణ్ణి కంచులో పోతపోశాడు. ఆ కంచు విగ్రహం పోయింది, మనకు మిగిలినవి రోమన్ల పాలరాతి నకళ్లే. వాటిలో తలలు ఏడు చిల్లర వస్తాయి. తర్వాతి శతాబ్దంలో లిసిప్పోస్ తల చిన్నది చేసి ఒళ్లు సన్నబరిచాడు, ఎనిమిదికి చేరింది.

మన శిల్పశాస్త్రాల్లో ఇదే పని తాళమానం చేస్తుంది. తాళం అంటే ముఖం పొడవు, 12 అంగుళాలు (ఇంచీలు కాదు, ఇక్కడ అంగుళం అంటే ఆ ముఖం పొడవులో పన్నెండో వంతు), నవతాళం అంటే తొమ్మిది తాళాలు, 108 అంగుళాలు. ఇక్కడ కొలిచేది ముఖాన్ని, తలను కాదు, అందుకే ఆ తొమ్మిదిని గ్రీకుల ఎనిమిదితో పోల్చకండి.

ఐరోపా మధ్యయుగాన్ని త్వరగా దాటేస్తాను. అక్కడ చర్చి ద్వారాల్లో స్తంభాలకు అతుక్కుని సన్నగా సాగిన మనుషులు కనబడతారు, ఒంటికంటే స్తంభమే ముఖ్యం. 1490 ప్రాంతంలో లియొనార్డో, రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ చెప్పిన, తల ఒంటి ఎత్తులో ఎనిమిదో వంతన్న లెక్కను మళ్లీ తీసుకుని వృత్తంలో, చతురస్రంలో మనిషిని నిలబెట్టాడు. 1504లో మైకెలాంజెలో ముగించిన డేవిడ్ విగ్రహం ఎత్తు 5 మీటర్ల పైనే, కానీ తల, కుడి చెయ్యి ఉండాల్సిన దానికంటే పెద్దవి. మొదట చర్చి పైభాగంలో పెట్టాలనుకున్నారు కాబట్టి కింద నుంచి చూసేవాళ్ల కోసం అలా చేశాడన్నది ఎక్కువమంది చెప్పే కారణం. 1814లో ఫ్రెంచ్ చిత్రకారుడు ఆంగ్ర్ పడుకున్న స్త్రీని గీస్తే, వెన్నుపూసలు ఎక్కువయ్యాయని విమర్శకులు వెక్కిరించారు. నిజమే, ఎక్కువే. ఆ వంపు కోసం ఎముకల లెక్క వదిలేశాడు.

తర్వాత లెక్క తలకిందులైంది. యూజెన్ శాండో అనే కండలవీరుడు ఒళ్లంతా తెల్లటి పొడి పూసుకుని గ్రీకు విగ్రహంలా ఫొటోలు దిగేవాడు. 1901లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో ఆయన పెట్టిన దేహదారుఢ్య పోటీకి న్యాయనిర్ణేతల్లో ఒకరు శిల్పి! మనిషిని చూసి రాయి చెక్కడం పోయి, రాయిని చూసి మనిషి ఒళ్లు చెక్కుకోవడం వచ్చింది.

ఇక మీ పని. ఏదైనా ఫ్యాషన్ స్కెచ్ తీసుకుని తలలు లెక్కపెట్టండి, తొమ్మిది మామూలు, పది వచ్చినా ఆశ్చర్యపోకండి, పెరిగిందంతా ఎక్కువగా మోకాలి కిందే ఉంటుంది. మీ ఫొటో కూడా కొలవాలనిపిస్తే నాలుగైదు మీటర్ల దూరం నుంచి, కెమెరా నడుము ఎత్తులో పెట్టి తీసినదే తీసుకోండి. దగ్గర నుంచి, పైనుంచి తీసిన సెల్ఫీలో ఐదారు తలలే వస్తాయి. దానికి టెన్షన్ పడొద్దు, తప్పు కెమెరా పెట్టిన దూరానిది, కోణానిది.