విండో మేనేజర్ మాన్యువల్‌ను ఎవరు రాయాలి?

నమస్కారం. ఐ3 అనే విండో మేనేజర్‌ను మొదటిసారి తెరిచి, అది అడిగే ఒకటి రెండు ప్రశ్నలు దాటాక కనిపించేది దాదాపు ఖాళీ తెర. అడుగున ఒక సన్నని పట్టీ, దాని మూలన 1 అనే అంకె, అంతే. మెనూ ఉండదు. మూసే గుర్తు ఉండదు. మోడ్ కీతో (ఆల్ట్ లేదా విండోస్ కీ) కలిపి ఎంటర్ నొక్కితే టెర్మినల్ తెరుచుకుంటుందని ఎవరైనా చెప్పాలి, లేదా ఎక్కడైనా రాసి ఉండాలి. ఇలాంటి ప్రోగ్రామ్‌కు డాక్యుమెంటేషన్ సరిగ్గా లేకపోతే ప్రోగ్రామ్ ఉన్నా లేనట్టే. ఈ వీడియో అంతా దాని గురించే.

తెలియనివారి కోసం ఒక్క మాట. లినక్స్ లాంటి వ్యవస్థల్లో ఏ కిటికీ తెర మీద ఎక్కడ, ఎంత పరిమాణంలో ఉండాలో చూసుకునేది విండో మేనేజర్. ఐ3 టైలింగ్ రకానికి చెందింది, అంటే కిటికీలు ఒకదాని మీద ఒకటి పడకుండా తెరను పంచుకుంటాయి. మైఖేల్ స్టాపెల్‌బర్గ్ దీన్ని 2009లో మొదలుపెట్టారు. కోడ్ చదవడానికి వీలుగా ఉండాలి, లోపలి పనితీరును వివరించే పత్రాలు కూడా ఉండాలి అన్నది ఆ ప్రాజెక్టు ప్రకటించుకున్న లక్ష్యాల్లోనే ఉంది. యూజర్ గైడ్ తెరవగానే కీబోర్డ్ బొమ్మ కనిపిస్తుంది, మోడ్‌తో కలిపి ఏ కీ ఏం చేస్తుందో రంగులతో సహా. ఖాళీ తెర ముందు కూర్చున్న మనిషికి మొదట కావలసింది సరిగ్గా అదే.

ఆ గైడ్ ఎక్కడ ఉంటుందన్నది నా దృష్టిలో చాలా ముఖ్యం. ఐ3 కోడ్ ఉన్న గిట్ రిపాజిటరీలోనే (కోడ్‌ను, దాని మార్పులను దాచుకునే చోటు), డాక్స్ అనే ఫోల్డర్‌లో, మామూలు టెక్స్ట్ ఫైలుగా ఉంటుంది. కొత్త ఆదేశం చేర్చేవారు దాని వివరణను కూడా అదే ప్యాచ్‌లో, అంటే అదే మార్పుల కట్టలో, పంపవచ్చు. పరిశీలించేవారు రెండింటినీ పక్కపక్కన చూస్తారు, వివరణ లేకపోతే అక్కడే అడుగుతారు. కోడ్ ఒకచోట, మాన్యువల్ ఇంకోచోట ఉన్న ప్రాజెక్టుల్లో ఈ అడగడమే జరగదు. వివరణ తర్వాత రాద్దామనుకుంటారు, ఆ తర్వాత ఎప్పటికీ రాదు.

డీడబ్ల్యూఎం దారి వేరు. కోడ్ రెండు వేల వరుసలు దాటకూడదని ఒక హద్దు పెట్టుకున్న విండో మేనేజర్ అది. సెట్టింగులు మార్చాలంటే హెడర్ ఫైలు దిద్ది మళ్లీ కంపైల్ చేయాలి, సందేహం వస్తే కోడ్ చదువుకోవాలి. ఆ నిబద్ధతను గౌరవిస్తాను. కానీ సీ భాష రానివారికి అక్కడ తలుపు మూసి ఉంటుంది.

మంచి పేరా ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. కిటికీలను విడివిడిగా పెట్టుకునే తెరల్లాంటి వాటిని వర్క్‌స్పేస్‌లు అంటారు. ఒక ప్రోగ్రామ్ ఎప్పుడూ రెండో వర్క్‌స్పేస్‌లోనే తెరుచుకోవాలని మీకు ఉందనుకోండి. కాన్ఫిగ్ ఫైలులో, అంటే సెట్టింగుల ఫైలులో, ఆ కిటికీ ఏ రకం ప్రోగ్రామ్‌దో చెప్పే క్లాస్ పేరు ఇవ్వాలి. పేరు తెలుసుకోవడానికి, కిటికీ వివరాలు చూపే ఎక్స్‌ప్రాప్ అనే ఆదేశం నడిపి కిటికీ మీద క్లిక్ చేస్తే, డబ్ల్యూఎం క్లాస్ అనే వరుసలో రెండు పేర్లు వస్తాయి. ఏది తీసుకోవాలి? ఐ3 గైడ్ ఆ వరుసను ఉన్నది ఉన్నట్టు చూపించి, మొదటిది ఇన్‌స్టెన్స్, రెండోది క్లాస్ అని చెబుతుంది. చదివేవారి తెర మీద ఏం కనిపిస్తుందో అదే పేజీలోనూ ఉంది. ఇంతకన్నా గొప్ప రచన అక్కరలేదు.

అదే కాన్ఫిగ్‌ను స్వేకి తీసుకెళ్లండి. స్వే అంటే వేలాండ్ (లినక్స్‌లో కిటికీలను తెర మీద చూపించే కొత్త పద్ధతి) మీద ఐ3లా పనిచేసేది, ఐ3 కాన్ఫిగ్ ఫైలును చాలావరకు యథాతథంగా చదువుతుంది. కానీ నేరుగా వేలాండ్‌లో నడిచే కిటికీలకు క్లాస్ ఉండదు, యాప్ ఐడీ ఉంటుంది. మీ పాత వరుస తప్పని ఎవరూ చెప్పరు, ఎర్ర అక్షరాలు రావు, కిటికీ మాత్రం మీరు చెప్పినచోట తెరుచుకోదు. మాన్యువల్ ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇలాంటి చప్పుడు లేని వైఫల్యాల మీదే. తప్పు చూపించే ప్రోగ్రామ్ తనే కొంత నేర్పుతుంది, చూపించనిచోట నేర్పాల్సింది మాన్యువలే.

ఇక తెలుగులో టైప్ చేసేవాళ్ల సంగతి. మనం సాధారణంగా రెండు లేఅవుట్లు, అంటే ఏ కీకి ఏ అక్షరమో చెప్పే అమరికలు, పెట్టుకుంటాం. మొదటిది యూఎస్ (ఇంగ్లీషు), రెండోది ఇన్ (భారతీయ), దాని వేరియంట్ టెల్ (తెలుగు). తెలుగులోకి మారాక డీ కీ నొక్కితే పొల్లు పడుతుంది. హెచ్, జే, కే, ఎల్ కీలు ప, ర, క, త అవుతాయి. మరి మోడ్‌తో డీ నొక్కితే, ప్రోగ్రామ్‌లను వెతికి తెరిచే డీమెనూ తెరవాలన్న ఆదేశం ఏమవుతుంది?

ఐ3 గైడ్‌లో షార్ట్‌కట్‌లు రాసే పద్ధతులు రెండున్నాయి. బైండ్‌సిమ్ అక్షరాన్ని బట్టి, బైండ్‌కోడ్ కీ సంఖ్యను బట్టి పనిచేస్తాయి. లేఅవుట్లు తరచూ మార్చేవారు, షార్ట్‌కట్‌లు అదే కీ మీద ఉండాలనుకుంటే, కీ సంఖ్యలే వాడాలని గైడ్ సలహా. అది చదివిన తెలుగు వాడుకరి కాన్ఫిగ్ మొత్తాన్ని సంఖ్యల్లోకి మార్చడానికి కూర్చుంటారు. అదే గైడ్‌లో ఇంకో వాక్యం ఉంది: ఐ3 షార్ట్‌కట్‌లను మొదటి గ్రూప్ (అంటే మొదటి లేఅవుట్) ప్రకారం అర్థం చేసుకుంటుంది, కానీ అన్ని గ్రూపుల్లోనూ పనిచేయిస్తుంది. అంటే యూఎస్ మొదట ఉంటే చాలు, తెలుగులో ఉన్నప్పుడు కూడా మోడ్‌తో డీ పనిచేస్తుంది, ఏ వరుసా మార్చనక్కరలేదు. తెలుగు లేఅవుట్ ఒక్కటే, లేదా దాన్నే మొదట, పెట్టుకున్నవారికే చిక్కు. రెండు వాక్యాలూ నిజమే. వాటిని కలిపి చెప్పే మూడో వాక్యం లేదు, ఆ ముడి చదివేవారే విప్పుకోవాలి.

స్వేలో కథ మళ్లీ మారుతుంది. అక్కడ తెలుగులోకి మారగానే ఇంగ్లీషు అక్షరాలతో రాసిన బైండ్‌సిమ్ షార్ట్‌కట్‌లు పలకవు. బైండ్‌సిమ్ పక్కన టు కోడ్ అనే గుర్తు చేర్చాలి, అప్పుడు మొదటి లేఅవుట్ ప్రకారం కీ సంఖ్యలుగా మార్చుకుంటుంది. లేఅవుట్ పెట్టుకునే విధానం ఒక మాన్యువల్ పేజీలో, ఈ పరిష్కారం ఇంకో పేజీలో ఉన్నాయి. ఒకే భాషలో టైప్ చేసేవారికి ఈ దూరం కనిపించే అవకాశమే లేదు. కనిపించేది తెలుగు, హిందీ, రష్యన్, గ్రీకు వంటి భాషల్లో టైప్ చేసేవారికి. అందుకే ఈ ముక్కలన్నిటినీ కలిపి చెప్పే పేరా రాయాల్సింది మనం. ప్రోగ్రామ్ రాసినవారి కన్నా, అక్కడ ఆగిపోయినవారికే దాని అవసరం బాగా తెలుసు.

రాసింది నిలబడాలంటే కాపలా కూడా కావాలి. ఐ3 నాలుగో వెర్షన్ 2011లో వచ్చినప్పుడు కిటికీల అమరిక పట్టిక నుంచి చెట్టు రూపానికి మారింది, దానితో పాటు గైడ్ కూడా మారక తప్పలేదు. 2023 జనవరిలో 4.22తో, అప్పటివరకు వేరే ఫోర్క్‌లో (ఐ3 కోడ్ నుంచి విడిగా సాగిన ప్రతిలో) ఉన్న గ్యాప్స్, అంటే కిటికీల మధ్య ఖాళీలు పెట్టే సౌకర్యం, ఐ3లోకే వచ్చాయి, వాటి వివరణ కూడా యూజర్ గైడ్‌లోకి చేరింది. అన్నిటికన్నా నాకు నచ్చింది ఆసమ్ విండో మేనేజర్ పద్ధతి. దాని డాక్యుమెంటేషన్ లువా అనే భాషలో రాసిన కోడ్‌లోని వ్యాఖ్యల నుంచే తయారవుతుంది. చాలా ఉదాహరణలు పరీక్షల ఫోల్డర్‌లో విడి ఫైళ్లుగా ఉంటాయి, అవి నిజంగా నడుస్తాయి, పేజీలో కనిపించే బొమ్మలను కూడా అవే గీస్తాయి. కోడ్ మారి ఉదాహరణ చెడిపోతే విషయం పరీక్షలోనే బయటపడుతుంది, కొత్త వాడుకరి వచ్చి చెప్పేదాకా ఆగనక్కరలేదు. ప్రతి ప్రాజెక్టూ ఇలా చేయలేకపోవచ్చు, చేయగలిగినవి చేయాలి.

మొత్తం గైడ్‌ను తెలుగులోకి తెద్దామా అని కొందరు అడుగుతుంటారు. ఆ కోరిక నాకూ ఉంది. అయినా ముందు మూలాన్ని దిద్దుదాం అంటాను. పాతబడిన అనువాదం అసలు లేనిదాని కన్నా ఎక్కువ తిప్పలు పెడుతుంది, మూలంలో చేర్చిన ఒక్క పేరా అన్ని భాషలవారికీ పనికొస్తుంది.

ఆ పేరా చిత్తుప్రతి ఇప్పుడు తెర మీద ఉంది. రెండు లేఅవుట్ల కాన్ఫిగ్ ఉదాహరణ ముందు, ఐ3లో ఏమవుతుందో ఒక వాక్యం, స్వేకి అయితే టు కోడ్‌తో ఒక వరుస. ఐ3కి పెద్ద సీ ఆప్షన్ ఇచ్చి నడిపితే కాన్ఫిగ్‌లో తప్పులుంటే చెబుతుంది, పంపేముందు ఆ పరీక్ష తప్పనిసరి. టెల్ వేరియంట్‌తో చూశాను. సరళ, కగప వేరియంట్లు రోజూ వాడేవారు మీలో ఉంటే, తెలుగులోకి మారి మోడ్‌తో డీ నొక్కి, ఏం జరిగిందో మీ వెర్షన్ సంఖ్యతో సహా కింద రాయండి. అవి చేరాకే ప్యాచ్ పంపుతాను.