గ్రహణం పట్టిన సూర్యుణ్ణి ఎలా చూడాలి

శ్రోతలకు నమస్కారం.

గ్రహణం వేళ సూర్యుడి నుంచి విషకిరణాలు వస్తాయన్న మాట మీరు వినే ఉంటారు. అలాంటి కిరణాలేవీ లేవు. గ్రహణం నాటి ఎండ నిన్నటి ఎండే. చంద్రుడు అడ్డొచ్చి అందులో కొంత ఆపుతాడే తప్ప కొత్తగా దేన్నీ కలపడు. మరి గ్రహణం చూసి చూపు దెబ్బతిన్నవాళ్లు ఎందుకున్నారు? మామూలు రోజున మధ్యాహ్నపు సూర్యుడి మీద చూపు పడగానే కళ్లు చికిలించుకుపోతాయి, నీళ్లు తిరుగుతాయి, తల దానంతటదే పక్కకు తిరుగుతుంది. ఎవరూ నేర్పక్కర్లేదు. గ్రహణం ముప్పాతిక భాగం పట్టాక ఆ చురుకు తగ్గుతుంది. చుట్టూ వెలుగు మసకబారడంతో కనుపాప కాస్త విప్పారుతుంది. చూడాలన్న కుతూహలం ఎలాగూ ఉంది. దాంతో అరనిమిషం పాటు చూపు తిప్పకుండా చూస్తూ ఉండిపోతాం. మిగిలిన ఆ సన్నని నెలవంకలో ప్రతి చుక్కా మాత్రం మామూలు సూర్యుడంత తీవ్రంగానే మండుతూ ఉంటుంది. 99 శాతం మూసుకుపోయినా, మిగిలిన ఒక్క శాతం నిండు పున్నమి చంద్రుడి కన్నా కొన్ని వేల రెట్లు ప్రకాశవంతం.

కంటిలోని కటకం ఆ నెలవంకను తెచ్చి, కంటి వెనక వెలుగును పసిగట్టే పొర అయిన రెటీనా నడిమధ్యన పెడుతుంది. మనం అక్షరాలు చదివేదీ, మొహాలు గుర్తుపట్టేదీ ఆ చోటుతోనే. రెటీనాకు నొప్పి తెలియదు. అందుకే దెబ్బ తగులుతున్నప్పుడు ఏమీ అనిపించదు. కొన్ని గంటలు గడిచాకో, మర్నాడు పొద్దున లేచాకో చూపు మధ్యలో ఒక మచ్చ కనిపిస్తుంది. 2017 ఆగస్టు 21 నాటి గ్రహణం తర్వాత న్యూయార్క్‌లో ఒక యువతి కంటిని పరీక్షించిన వైద్యులకు, రెటీనా మీద సరిగ్గా నెలవంక ఆకారంలోనే గాయం కనిపించింది. ఆమె చూసిన సూర్యుడి బొమ్మ అక్కడ అచ్చుపడిపోయింది.

విషకిరణాలని భయపెట్టి పిల్లల్ని గదిలో కూర్చోబెడితే ఇంకో నష్టం కూడా ఉంది. పక్కింటి పిల్లాడు అదే సమయంలో బయట ఆడుకుని ఏమీ కాకుండా తిరిగొస్తాడు. పెద్దలు చెప్పిందంతా ఉత్తదేనని అప్పుడు తేలిపోతుంది. అందులో నిజంగా వినవలసిన ఒక్క హెచ్చరిక కూడా దాంతోపాటే కొట్టుకుపోతుంది. ఒంటికి ఏమీ కాదు, ప్రమాదమంతా కంటికే, అదీ నేరుగా చూస్తేనే అని కచ్చితంగా చెబితే పిల్లలు శ్రద్ధగా వింటారు.

నేరుగా చూడాలంటే గ్రహణం కళ్లద్దాలు కావాలి. వీటికి అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది: ఐఎస్ఓ 12312-2. ఆ ప్రమాణం ప్రకారం చేసిన అద్దం, దానిమీద పడే వెలుగులో లక్ష పాళ్లకు సుమారు మూడు పాళ్లకు మించి లోపలికి రానివ్వదు. కంటికి కనిపించని అతినీలలోహిత, పరారుణ కిరణాలను కూడా ఆపుతుంది. ఈ లక్షకు మూడు అన్న లెక్క గుర్తుంచుకోండి, మిగతావన్నీ దాంతోనే తేలిపోతాయి. ఎండకు పెట్టుకునే చలవ కళ్లద్దాలు నూటికి సుమారు పది పాళ్ల వెలుగును వదులుతాయి. అంటే లక్షకు పదివేలు. ఒకదానిమీద ఒకటి రెండు జతలు పెట్టుకున్నా లక్షకు వెయ్యి. పళ్లెంలో నీళ్లు పోసి అందులో ప్రతిబింబం చూస్తే క్షేమమని చాలామంది అనుకుంటారు. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు నీటి ఉపరితలం నూటికి రెండు పాళ్ల వెలుగును తిప్పికొడుతుంది. అది లక్షకు రెండు వేలు. సూర్యుడు కిందికి దిగేకొద్దీ ఆ పాలు ఇంకా పెరుగుతుంది.

మసిపట్టిన గాజుముక్క, పాత ఎక్స్‌రే ఫిల్ము, కలర్ ఫిల్ము నెగెటివ్, సీడీ బిళ్ల కూడా వద్దు. మసి అన్నిచోట్లా ఒకే మందాన పట్టదు, వేలు తగిలితే ఊడిపోతుంది. ఎక్స్‌రే ఫిల్ములో ఒకచోట ఉన్న నలుపు ఇంకోచోట ఉండదు. కలర్ ఫిల్ములో ఉండేవి రంగులు మాత్రమే. కంటికి నల్లగా కనిపించినా పరారుణ కిరణాలు వాటిగుండా దూసుకొస్తాయి. అద్దం నల్లగా ఉందా అన్నది ఒక్కటే చూస్తే ఇక్కడే మోసపోతాం. వెల్డింగు అద్దం వాడవచ్చు కానీ నంబరు చూసుకోవాలి. 14వ నంబరు మంచిది. 12 కన్నా తక్కువైతే ముట్టుకోవద్దు. పనిచేసే చోట దొరికేవి ఎక్కువగా 10, 11 నంబర్లవి, అవి చాలవు.

కళ్లద్దాల మీద ప్రమాణం సంఖ్య అచ్చు వేసి ఉన్నంత మాత్రాన నమ్మవద్దు, ఆ అచ్చు ఎవరైనా వేసుకోవచ్చు. ప్లానెటేరియం, సైన్సు మ్యూజియం లాంటి బాధ్యత ఉన్న చోటి నుంచి తీసుకోండి. తర్వాత ఇంట్లోనే చూసుకోండి. పెట్టుకుని గదిలో చుట్టూ చూస్తే ఏమీ కనిపించకూడదు. బల్లా, కుర్చీ, కిటికీ బయటి చెట్టూ ఏవీ కనిపించకూడదు. బాగా కాంతివంతమైన బల్బును దగ్గరగా చూస్తే సన్నని మినుకు కనిపించవచ్చు, అంతే. ఇప్పుడు తీసి, బల్బుకు అడ్డంగా పట్టుకుని పొరనంతా వెతకండి. ఎక్కడైనా సూదిమొనంత చుక్క మెరిసినా, గీత పడినా, మడత నలిగినా, అట్టచట్రం నుంచి పొర ఊడివస్తున్నా కత్తిరించి పారేయండి. పొర చెక్కుచెదరకుండా ఉంటే పాతవైనా పనికొస్తాయి.

పెట్టుకోవడంలో కూడా ఒక వరస ఉంది. సూర్యుడికి వీపు పెట్టి నిలబడి కళ్లద్దాలు పెట్టుకోండి, అప్పుడు తిరిగి తలెత్తండి. చూశాక మళ్లీ తల దించి, పక్కకు తిరిగాకే తీయండి. తలెత్తి ఉండగానే తీయడం అందరూ చేసే పొరపాటు. చూపుకోసం వాడే కళ్లజోడు ఉన్నవాళ్లు దాన్ని తీయకుండా, పైన వీటిని పట్టుకోవాలి. చిన్నపిల్లల మొహాలకు ఇవి నిలవవు, పక్కల సందులుంటాయి. కాగితపు పళ్లెం తీసుకుని కళ్లద్దాల కొలతకు మధ్యలో కోసి, అందులో వీటిని టేపుతో అతికించి, ముసుగులా పట్టుకోమనండి. పళ్లెం మొహమంతా కప్పుతుంది, అద్దం పక్కనుంచి తొంగిచూసే వీలుండదు.

ఇక అసలైన పెద్ద ప్రమాదం బైనాక్యులర్లతో, టెలిస్కోపుతో. గ్రహణం కళ్లద్దాలు పెట్టుకున్నాం కదా అని బైనాక్యులర్లు కంటికి ఆనిస్తే, అవి పోగుచేసి తెచ్చిన వేడి ఆ పొరను క్షణాల్లో కాల్చి కంటిలోకి దూరుతుంది. ఫిల్టరు ఎప్పుడూ సూర్యుడి వైపున్న ముందు కటకానికి ఉండాలి, గాలికి ఊడకుండా టేపుతో బిగించాలి. కొన్ని పాత టెలిస్కోపులతో కంటిగొట్టానికి మరబిగించే చిన్న నల్లగాజు వచ్చేది. అది వేడికి చూస్తుండగానే పగులుతుంది, దాన్ని వాడనే వద్దు. టెలిస్కోపు పక్కన గురి చూసుకోవడానికి ఉండే చిన్న గొట్టాన్ని ఫైండరు అంటారు, దానికి మూత పెట్టడం మరిచిపోతుంటారు. పెద్దదానికి ఫిల్టరు బిగించినా పిల్లలు కన్ను పెట్టేది దానికే. కెమెరాకూ ఇదే సూత్రం.

ఏ పరికరమూ లేనివాళ్లకు సూదిబెజ్జం చాలు. రెండు అట్టముక్కలు తీసుకోండి. ఒకదాని మధ్యలో రెండు వేళ్ల వెడల్పున కిటికీ కోసి, దానిమీద అల్యూమినియం రేకుకాగితం అతికించి, సుమారు ఒక మిల్లీమీటరు బెజ్జం పొడవండి. సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, ఎండ భుజం మీదుగా బెజ్జంలోంచి పోయి రెండో అట్టమీది తెల్లకాగితం మీద పడేలా పట్టుకోండి. రెండింటి మధ్య ఒక మీటరు దూరం ఉంటే సూర్యుడి బొమ్మ 9 మిల్లీమీటర్లు వస్తుంది. రెండు మీటర్లుంటే 18. చెప్పుల డబ్బాతో చేసినవాళ్లు బొమ్మ కనిపించడం లేదని బాధపడేది ఇందుకే. డబ్బా పొడవు 30 సెంటీమీటర్లు, బొమ్మ మూడు మిల్లీమీటర్లయినా రాదు. పొడవాటి అట్టపెట్టె వెతుక్కోండి. బొమ్మ వెలుగ్గా ఉండాలని బెజ్జం పెద్దది చేస్తే అంచులు మసకబారి నెలవంక కాస్తా గుండ్రని మరక అవుతుంది. బొమ్మ తలకిందులుగా, కుడి ఎడమలు మారి పడుతుంది, అది తప్పు కాదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి: బెజ్జంలోంచి సూర్యుణ్ణి చూడకూడదు. సూర్యుడు మన వెనక, బొమ్మ మన ముందు ఉండాలి.

చెట్టుకింద నిలబడితే ఈ శ్రమ కూడా లేదు. ఆకుల సందులన్నీ బెజ్జాలే. మామూలు రోజున నేలమీద కనిపించే గుండ్రని వెలుగుచుక్కలు నిజానికి సూర్యుడి బొమ్మలే. గ్రహణం పట్టాక ఆ చుక్కలన్నీ ఒకేసారి నెలవంకలైపోతాయి. వేళ్లు జాలీలా అడ్డంగా పెట్టినా, చిల్లుల గరిటె పట్టినా ఇదే కనిపిస్తుంది.

గది నిండా జనం ఉంటే అద్దం పద్ధతి మంచిది. చిన్న అద్దానికి 5 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న కాగితం అతికించి, మట్టిముద్దలో గుచ్చి ఎండలో పెట్టి, ఆ వెలుగును చీకటి చేసిన గది గోడమీదికి మళ్లించాలి. పది మీటర్ల దూరంలో 9 సెంటీమీటర్ల సూర్యుడు కనిపిస్తాడు. సూర్యుడు కదులుతూ ఉంటాడు కాబట్టి రెండు నిమిషాలకు బొమ్మ తన వెడల్పంత జరిగిపోతుంది. అద్దాన్ని సర్దడానికి ఒకరు అక్కడే ఉండాలి. ఆ మనిషి అద్దంలోకి చూడకూడదు.

ఉత్తకళ్లతో చూడగలిగే సమయం ఒక్కటే ఉంది. సంపూర్ణ గ్రహణంలో సూర్యబింబం పూర్తిగా మూసుకుపోయిన ఆ కాసేపు. పాక్షిక గ్రహణంలో అలాంటి క్షణమే రాదు. కంకణ గ్రహణంలో నడిమధ్యన కూడా చంద్రుడి చుట్టూ సూర్యుడి అంచు ఉంగరంలా మండుతూనే ఉంటుంది, అక్కడా రాదు. సంపూర్ణ గ్రహణపు దారిలో సరిగ్గా ఉన్నవాళ్లకే ఆ భాగ్యం. 2027 ఆగస్టు 2 నాటి గ్రహణంలో ఆ సంపూర్ణత ఈజిప్టులోని లక్సర్ దగ్గర 6 నిమిషాల 23 సెకన్లు ఉంటుంది. అది చాలా పొడవైనది. ఎంత పొడవైనా సుమారు ఏడున్నర నిమిషాలకు మించదు.

కళ్లద్దాల్లోంచి చూస్తుండగా నెలవంక దారప్పోగులా సన్నబడి, ముక్కలై పూసల్లా మిగులుతుంది. అవి చంద్రుడి అంచున ఉన్న లోయల్లోంచి దూరివచ్చే వెలుగు. 1836లో వాటిని వర్ణించిన ఫ్రాన్సిస్ బెయిలీ పేరుతో బెయిలీ పూసలంటారు. చివరికి ఒక్క పూస మిగిలి వజ్రపుటుంగరంలా మెరిసి ఆరిపోతుంది. కళ్లద్దాల్లో ఇక ఏమీ కనిపించడం లేదన్నప్పుడే వాటిని తీయాలి. సూర్యుడి చుట్టూ ఉండే ముత్యపు రంగు వాతావరణం, అంటే కరోనా, అంచున ఎర్రని జ్వాలలు అప్పుడు కనిపిస్తాయి. 1868 ఆగస్టు 18న గుంటూరులో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, వెలుగును రంగులుగా విడదీసి చూపే వర్ణపటదర్శినితో పరిశీలించింది అలాంటి జ్వాలలనే. వాటి వెలుగులో కనిపించిన పసుపు గీత అప్పటికి తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. తర్వాత దానికి హీలియం అని పేరు పెట్టారు.

మీరున్న చోట సంపూర్ణత ఎన్ని సెకన్లో ముందే తెలుసుకుని, అది ముగియడానికి 20 సెకన్ల ముందు, కళ్లద్దాలు మళ్లీ పెట్టుకోమని గుర్తుచేస్తూ మోగేలా ఫోనులో అలారం పెట్టుకోండి. ఎందుకంటే ఆ చీకట్లో కాలం లెక్క ఎవరికీ తెలియదు. కొందరు కేకలు పెడతారు, కొందరికి మాట రాదు, ఎందుకో తెలియకుండానే కొందరికి కన్నీళ్లొస్తాయి. చంద్రుడి నీడ ధ్వని కన్నా వేగంగా వచ్చి మీద పడుతుంది, గాలి చల్లబడుతుంది, పక్షులు గూళ్లకు మళ్లుతాయి. తేనెటీగల ఝుంకారం ఆగిపోతుందని 2017లో శాస్త్రజ్ఞులు మైకులు పెట్టి మరీ విన్నారు. మొదటిసారి చూసేవాళ్లు ఆ కాసేపూ కెమెరాతో కుస్తీ పట్టవద్దని మా మనవి.

దానికి ముందు పది నిమిషాలు కూడా వృథా చేయకండి. సూర్యుడు సన్నబడేకొద్దీ నీడల అంచులు పదునెక్కుతాయి. తెల్లకాగితం మీద చెయ్యి నీడ పడనిచ్చి చూడండి: ఒకవైపు తిప్పితే చేతి వెంట్రుకలు విడివిడిగా లెక్కపెట్టవచ్చు, అడ్డంగా తిప్పితే అవే మసకబారతాయి.

వాహనం నడిపేవాళ్లు గ్రహణం చూడాలంటే రోడ్డు దిగి, బండి ఆపుకుని చూడాలి. 2017 గ్రహణం రోజు, దానికి ముందురోజు, మర్నాడు కలిపి అమెరికాలో ప్రాణాంతక రోడ్డు ప్రమాదాలు మామూలు రోజులకన్నా 31 శాతం పెరిగాయి. చూడటానికి వెళ్లే హడావిడి, తిరుగు ప్రయాణపు రద్దీ రెండూ అందులో ఉన్నాయి.

గ్రహణం విడిచాక, మర్నాడు ఉదయం కూడా, ఒక్కో కన్ను విడివిడిగా మూసి గళ్ల కాగితాన్నో, గచ్చు పలకల గీతల్నో చూడండి. గీతలు వంకర తిరిగినా, నడుమ మచ్చ కనిపించినా, చదువుతుంటే అక్షరాలు మాయమవుతున్నా, ఒక కంటికి రంగులు వెలిసినట్లున్నా ఆ రోజే కంటివైద్యుడి దగ్గరికి వెళ్లండి. రెండు కళ్లతో చూస్తే బాగున్న కన్ను లోటును కప్పేస్తుంది, అందుకే ఒక్కొక్కటిగా చూసుకోమంటున్నాం. దీన్ని కచ్చితంగా నయం చేసే మందు లేదు. చాలామందికి కొన్ని వారాల్లో, నెలల్లో చూపు తేరుకుంటుంది. కొందరికి ఆ మచ్చ అలాగే ఉండిపోతుంది.

నమస్కారం.