వాచీ బెల్టు కొనేముందు బకిల్ కొలత చూడండి

నమస్తే అండీ. ఇవాళ టేబుల్ మీద నాలుగు వాచీలు పెట్టాను. ఒక పాత హెచ్‌ఎంటీ జనతా, ఒక సీకో డైవర్, అంటే నీళ్ళలో మునిగేవాళ్ళ కోసం చేసిన రకం, ఆఫీసుకి పెట్టుకునే సన్నటి డ్రెస్ వాచీ, ఒక స్మార్ట్ వాచీ. పక్కన కొన్ని బెల్టులు, ఈ చిన్న డబ్బాలో విడి బకిల్స్. ఈ వీడియో ముఖ్యంగా ఈ డబ్బా గురించే.

ఎందుకంటే బెల్టు కొనేటప్పుడు రంగు చూస్తాం, తోలు చూస్తాం, కుట్టు చూస్తాం. బకిల్ మాత్రం దానితో పాటు ఏదొస్తే అదే. కానీ వాచీ చేతి మీద నిలబడుతుందా, పక్కకి జారుతుందా, మధ్యాహ్నానికి మణికట్టు మీద గుర్తు పడుతుందా అనేది చాలావరకు బకిల్ చేతిలోనే ఉంటుంది. అందుకే బెల్టునీ బకిల్‌నీ కలిపి ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ముందు కొలతలు. కేసు, అంటే వాచీ లోహపు ఒళ్ళు, దాని నుంచి పైన రెండు, కింద రెండు కొమ్ములు బయటికొస్తాయి కదా, వాటిని లగ్స్ అంటారు. ఆ రెండు కొమ్ముల మధ్య ఖాళీ ఎంతో అదే బెల్టు పైభాగం వెడల్పు. మామూలుగా 18, 20, 22 మిల్లీమీటర్లు ఉంటుంది. 19, 21 కూడా వస్తాయి, వాటికి బెల్టు దొరకడం కొంచెం కష్టం. వెర్నియర్ ఉంటే మంచిది, లేకపోతే పిల్లల జామెట్రీ బాక్సులో స్కేలు చాలు. పాత బెల్టు తీసేసి, కొమ్ముల లోపలి అంచు నుంచి లోపలి అంచుకి కొలవండి. పాత బెల్టుని కొలిచి అదే కొలత చెప్పకండి, ఎందుకంటే అది నలిగి కుంచించుకుపోయి ఉంటుంది, లేదా ఎవరో మొదటే చిన్నది వేసుంటారు.

ఇప్పుడు రెండో కొలత. మంచి బెల్టు మీద 20/18 అనో 20/16 అనో రాసి ఉంటుంది. మొదటి అంకె వాచీ దగ్గర వెడల్పు, రెండోది బకిల్ దగ్గర వెడల్పు. విడిగా బకిల్ కొనాలంటే మీకు కావల్సింది ఈ రెండో అంకె. 20 వాచీ కదా అని 20 బకిల్ తెచ్చుకుంటే, 18కి సన్నబడిన బెల్టు అందులో అటూ ఇటూ ఊగుతుంది. అదే 16 బకిల్ తెస్తే తోలు అంచులు నలిగి, నెలరోజుల్లో పక్కలు చీలడం మొదలుపెడతాయి.

ఈ రెండో అంకెలోనే వాచీ స్వభావం కూడా ఉంది. 20/16 అంటే బాగా సన్నబడుతుంది, చూడ్డానికి నాజూగ్గా ఉంటుంది. డ్రెస్ వాచీలకి, పాత వాచీలకి సరిపోతుంది. 20/18 రోజువారీ వాడకానికి. 22/20, 24/22, ఇలాంటివి పెద్ద వాచీలకి. అసలు సన్నబడకుండా పైనుంచి కిందదాకా ఒకే వెడల్పుతో ఉండే బెల్టులూ ఉన్నాయి, 24/24 లాంటివి. పనెరాయ్ అనే కంపెనీ పెద్ద వాచీల మీద అలాంటివి చూస్తుంటారు.

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే బరువు సంగతి ఇక్కడే వస్తుంది. ఈ సీకో డైవర్ చూడండి, ఎస్‌కేఎక్స్007. లగ్స్ మధ్య 22 మిల్లీమీటర్లు, స్టీలు కేసు, బాగా బరువు. దీనికి 18 వెడల్పు చిన్న బకిల్ ఉన్న పల్చటి బెల్టు వేశాను. చెయ్యి కిందికి వేలాడేస్తే చూడండి, వాచీ తల పక్కకి వాలిపోతోంది. పైన బరువు, కింద ఏమీ లేదు. ఇప్పుడు అదే వాచీకి మందమైన బెల్టు, 20 వెడల్పు గట్టి స్టీలు బకిల్. చెయ్యి ఊపినా కదలడం లేదు. త్రాసులో రెండో పళ్ళెంలో రాయి వేసినట్టు, బకిల్ బరువు పైనున్న కేసు బరువుని ఆపుతోంది.

దీనికి ఎదురు సంగతి ఈ హెచ్‌ఎంటీ జనతా. మన ఇళ్ళల్లో చాలామందికి తాతగారిదో నాన్నగారిదో ఒకటి బీరువాలో ఉంటుంది. సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీల తయారీ మొదలైంది, 2016లో ప్రభుత్వం ఆ వాచీల కంపెనీని మూసెయ్యాలని నిర్ణయించింది. అప్పటినుంచి ఇవి బయటికి తీసి పెట్టుకునేవాళ్ళు పెరిగారు, నాకు చాలా సంతోషం. నా దగ్గరున్న దీనికి లగ్స్ మధ్య 18. కీ ఇచ్చే వాచీ, తేలిక. దీనికి ఈ మధ్య చాలామంది లావుపాటి, దూదిపెట్టినట్టు ఉబ్బిన బెల్టు వేసి, పైగా పెద్ద మడత క్లాస్ప్, అంటే మడతపడి మూసుకునే బకిల్, పెడుతున్నారు. వద్దండీ. బెల్టు ముందు వాచీ చిన్నబోతుంది. 18/16, ఇంకా బాగుండాలంటే 18/14, రెండు మిల్లీమీటర్ల మందం చదునైన తోలు, చిన్న మామూలు బకిల్. అంతే. ఆ డయల్ ఎంత అందంగా ఉందో అప్పుడు కనిపిస్తుంది.

మామూలు బకిల్ అంటే మధ్యలో ముల్లు ఉండే, చిల్లులో గుచ్చే రకం. రెండోది మడత క్లాస్ప్, డెప్లాయెంట్ అంటారు. ఇది 1910 ప్రాంతంలో పారిస్‌లో కార్టియే సంస్థ పేటెంట్ తీసుకున్న ఆలోచన. స్టీలు రేకులు ఒకదాని మీద ఒకటి మడతపడి క్లిక్ మంటాయి. రెండు వైపులా తెరుచుకునే దాన్ని బటర్‌ఫ్లై అంటారు.

మడత క్లాస్ప్‌లో రెండు మంచి గుణాలున్నాయి. బెల్టు ఎప్పుడూ గుండ్రంగా మూసే ఉంటుంది కాబట్టి తీసేటప్పుడు వాచీ చేతిలోంచి జారి నేల మీద పడదు. రెండోది, రోజూ అదే చిల్లు దగ్గర తోలుని వంచి లాగే పని ఉండదు. మెత్తటి దూడతోలు, మొసలి తోలు లాంటి ఖరీదైన బెల్టులకి ఇది నిజంగా ఆయుష్షు పెంచుతుంది.

కానీ అందరికీ పనికిరాదు. లోపల ఆ రేకు గట్టిగా ఉంటుంది, చేతికి తగ్గట్టు వంగదు, మణికట్టు గుండ్రంగా ఉంటుంది. సన్నటి చేతులున్నవాళ్ళకి, ముఖ్యంగా బటర్‌ఫ్లై, ఎముక దగ్గర నొక్కుతుంది. ఇంకొకటి, కొన్ని డిజైన్లలో బెల్టు చివర లోపలికి మడుస్తారు, అది చర్మానికి ఒత్తుకుంటుంది. షాపులో వేసుకుని చెయ్యి పిడికిలి బిగించి, కీబోర్డు మీద పెట్టినట్టు వంచి చూడండి. నిలబడి అద్దంలో చూసుకుంటే తెలియదు. మందం కూడా చూసుకోండి. నాలుగు మిల్లీమీటర్ల మందం తోలు సన్నటి క్లాస్ప్‌లో దూరదు, బలవంతంగా దూర్చితే ఇక బయటికి రాదు.

తోలు సంగతి చెప్పకుండా బకిల్ సంగతి పూర్తవదు. పచ్చితోలు కుళ్ళకుండా పదును చేసే పద్ధతులు ముఖ్యంగా రెండు. క్రోమియం లవణాలతో చేసేది త్వరగా అవుతుంది, మెత్తగా ఉంటుంది. చెట్ల బెరడుతో చేసేది నెమ్మది, మొదట్లో గట్టిగా ఉండి, వాడేకొద్దీ రంగు ముదిరి చేతి ఆకారానికి వంగుతుంది. దీన్నే వెజిటబుల్ టాన్డ్ అని అమ్ముతారు, ఇటలీ పేరు చెప్పి బాగా ధర వేస్తారు. ఇటలీ తోలు మంచిదే. కానీ ఈ పద్ధతి మనకి దిగుమతి కాదు. బతుకమ్మలో పేర్చే తంగేడు ఉంది కదా, తెలంగాణ రాష్ట్ర పుష్పం, దాని బెరడులో టానిన్లు, అంటే తోలుని పదును చేసే పదార్థాలు, ఎక్కువ. మన ఊళ్ళలో తంగేడు చెక్క వేసి లందల్లో, అంటే తోళ్ళు నానబెట్టే గుంటల్లో, తోళ్ళు పదును చేసేవాళ్ళు. తమిళనాడు వైపు అదే చెక్కతో చేసిన తోలు ఈస్టిండియా తోలు అన్న పేరుతో విదేశాలకి పోయేది. ఇంగ్లీషులో ఈ మొక్కకి ఒక పేరే తోలు పనివాళ్ళ మీద ఉంది, టానర్స్ కాసియా. ఆ పని చేసిన చేతులకి ఊళ్ళో దక్కిన మర్యాద తక్కువ, వాళ్ళ పనితనం మాత్రం చాలా గొప్పది. బెరడు తోలు బెల్టు పట్టుకున్నప్పుడల్లా నాకు ఈ మాట చెప్పాలనిపిస్తుంది.

సరే, బకిల్‌తో దీనికి సంబంధం ఏంటంటే: బెరడుతో పదును చేసిన గట్టి తోలులో చిల్లు గట్టిగా నిలుస్తుంది, ముల్లు బకిల్ హాయిగా వాడొచ్చు. మెత్తటి క్రోమ్ తోలులో చిల్లు సాగి కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది, దానికి మడత క్లాస్ప్ మేలు.

ఇక మన ఎండలు. విజయవాడలో మే నెలలో, విశాఖలో ఏడాది పొడుగునా, తోలు బెల్టు రోజూ పెట్టుకుంటే చెమట ఉప్పు లోపలి పొరలో చేరి గట్టిపడుతుంది, వాసన వస్తుంది. రెండు బెల్టులు పెట్టుకుని రోజు మార్చి రోజు వాడండి. తీసిన దాన్ని పొడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే పగుళ్ళిస్తుంది.

నన్నడిగితే వేసవికి తోలే వద్దు. రబ్బరు ఉంది. సిలికాన్ చవక, కానీ దుమ్ము, నూలు పోగులు అంటుకుంటాయి. ఎఫ్‌కేఎం అనే రకం రబ్బరు కొంచెం ధర ఎక్కువ, దుమ్ము అంతగా పట్టదు, నూనెకీ చెమటకీ తట్టుకుంటుంది. నీళ్ళతో కడిగేస్తే సరి. దీనికి స్టీలు బకిల్ ఉన్నది తీసుకోండి, పూత వేసిన ఇత్తడి వద్దు. చెమటలో పూత లేచిపోయి కింద లోహం చర్మానికి తగులుతుంది, నికెల్ పడని వాళ్ళకి ఎర్రగా దద్దుర్లు వస్తాయి. బకిల్ కింద దురద వస్తోందంటే ముందు అనుమానించాల్సింది ఇదే. 316ఎల్ అనే రకం స్టీలు చాలామందికి పడుతుంది, అదీ పడకపోతే టైటానియం బకిల్.

ఇంకో రకం ఉంది, మన దగ్గర ఎందుకో ఎక్కువమంది వాడరు, పెర్లాన్. జల్లెడలా అల్లిన నైలాన్. గాలి ఆడుతుంది, తడిసినా తొందరగా ఆరుతుంది. అసలు అందం దాని బకిల్‌లో ఉంది. చిల్లులే లేవు, ముల్లు అల్లికలో ఎక్కడైనా దిగుతుంది. తోలు బెల్టులో చిల్లుకీ చిల్లుకీ మధ్య 6, 7 మిల్లీమీటర్లు ఉంటుంది, ఒక చిల్లు బిగుతు, పక్క చిల్లు వదులు, ఈ బాధ అందరికీ తెలిసిందే. ఎండకి మధ్యాహ్నం మణికట్టు కొంచెం ఉబ్బుతుంది కూడా. పెర్లాన్‌లో రెండు మిల్లీమీటర్లు వదులు చేసుకుంటే చాలు. హెచ్‌ఎంటీ మీద ముదురు నీలం పెర్లాన్ ఒకసారి వేసి చూడండి.

నాటో బెల్టు గురించి క్లుప్తంగా. 1973లో బ్రిటన్ రక్షణ శాఖ ఇచ్చిన ప్రమాణం నుంచి వచ్చింది. ఒకటే నైలాన్ పట్టీ వాచీ కిందినుంచి దూరి పోతుంది, కాబట్టి కొమ్ముల మధ్య బెల్టుని పట్టి ఉంచే ఒక పిన్ను ఊడినా వాచీ పడిపోదు. బకిల్ దానికే కుట్టి ఉంటుంది, మార్చే పని లేదు. వాచీ కొంచెం ఎత్తుగా కూర్చుంటుంది, అందుకే ఇప్పటికే మందంగా ఉన్న వాచీకి నేను వెయ్యను.

స్మార్ట్ వాచీకి లెక్క వేరు. గుండె వేగం చూసే సెన్సార్ చర్మానికి ఆని ఉండాలి. చిల్లుల మధ్య దూరం ఎక్కువున్న తోలు బెల్టు కంటే అతుక్కునే పట్టీ, అయస్కాంతం పట్టీ నయం. ఆపిల్ వాచ్‌కి గాడిలోకి జారే సొంత పద్ధతి ఉంది, మామూలు బెల్టు వెయ్యాలంటే మధ్యలో అడాప్టర్ కావాలి.

రంగు, మెరుపు. కేసు అద్దంలా మెరిసేదైతే బకిల్ కూడా మెరిసేది, కేసు గీతల ఫినిష్ అయితే బకిల్ అదే. బంగారు రంగు కేసుకి స్టీలు బకిల్ వేస్తే ఎంత మంచి బెల్టయినా తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నల్లపూత బకిల్ కొనేముందు ఆలోచించండి, రోజంతా టేబుల్‌కీ లాప్‌టాప్‌కీ రాసుకునేది అదే, ముందు అంచుల దగ్గరే పూత పోతుంది.

చివరిగా పొడవు, పిన్ను. మణికట్టు చుట్టూ దారం చుట్టి స్కేలు మీద పెట్టండి. బజార్లో దొరికే బెల్టులు ఎక్కువ పొడవు ముక్క 115 నుంచి 125, బకిల్ ఉన్న ముక్క 75 మిల్లీమీటర్లు. బకిల్ ముక్క 12 అంకె వైపు, పొడవుది 6 వైపు. బిగించాక ముల్లు మధ్య చిల్లులో పడాలి. చివరి చిల్లులో పడితే బకిల్ మణికట్టు మధ్యలో ఉండదు, పక్కకి పోతుంది, ఎంత మంచి బకిలైనా గుచ్చుకుంటుంది.

పిన్ను అంటే స్ప్రింగ్ బార్. మామూలువి 1.5, 1.8 మిల్లీమీటర్ల లావు. ఈ సీకో డైవర్‌లో వచ్చేది 2.5. మామూలు బెల్టు చిల్లులో దూరదు. మొనలు లావుగా, మధ్యలో సన్నగా ఉండే పిన్నులు దొరుకుతాయి, అవి అడగండి. బకిల్ దగ్గరున్న పిన్నుని కూడా లాగి చూడండి, వాచీ పడిపోవడానికి అదీ కారణమవుతుంది. అది అరిగితే బకిల్ మొత్తం పారెయ్యక్కర్లేదు. కోఠీ వైపో మీ ఊళ్ళోనో గడియారాలు బాగుచేసే ఏ చిన్న దుకాణంలోనైనా పిన్ను మార్చి ఇస్తారు, ఖర్చు చాలా తక్కువ. వెళ్ళేటప్పుడు బెల్టు ఒక్కటే కాకుండా వాచీ కూడా తీసుకెళ్ళండి, కొమ్ముల్లో మొన ఎంత లోతు దిగుతుందో ఆయన చూడాలి.