ఆగి లేచిన మెషీన్, వెనకబడిన గడియారం

సభకు నమస్కారం. క్లౌడ్‌లో మనం అద్దెకు తీసుకునే వర్చువల్ మెషీన్, అంటే ఒక అసలు యంత్రం మీద సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్, కాలం లెక్కకు అడుగునున్న అసలు యంత్రం మీదే ఆధారపడుతుంది. ఆ యంత్రంలోని క్వార్ట్జ్ స్ఫటికం పది లక్షలకు 50 పాళ్లు తప్పినా రోజుకు 4 సెకన్లకు పైగా తేడా వస్తుంది. ఈ బాధ మామూలు సర్వర్లకూ ఉన్నదే. వర్చువల్ మెషీన్‌కు అదనంగా వచ్చిపడేది మరొకటి: దాన్ని కాసేపు నిలిపి మళ్లీ లేపినప్పుడు, మధ్యలో గడిచిన కాలం లోపలి ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలియకపోవచ్చు.

లినక్స్‌లో ఈ తేడాను సరిదిద్దే క్రోనీ అనే ప్రోగ్రామ్, గడియారాన్ని ఒక్కసారిగా జరపగలదు, లేదా వేగం కొద్దిగా పెంచి, తగ్గించి మెల్లగా దారికి తేగలదు. చాలా డిస్ట్రిబ్యూషన్ల కాన్ఫిగరేషన్‌లో 'మేక్‌స్టెప్ 1.0 3' అనే వరుస ఉంటుంది; అంటే తేడా ఒక సెకను మించితే మొదటి మూడు సవరణల్లో మాత్రమే జరుపు, ఆ తర్వాత మెల్లగానే సరిదిద్దు అని. పది నిమిషాలు ఆగి లేచిన మెషీన్‌ను దీనికి వదిలేస్తే, ఒక సెకను తేడా పూడ్చడానికి కనీసం 12 సెకన్లు పట్టే ఆ పద్ధతిలో, గడియారం దారికి రావడానికి రెండు గంటలైనా పడుతుంది. ఈలోగా అయిదు నిమిషాలకు మించిన తేడాను మామూలుగా ఒప్పుకోని కెర్బరోస్ అనే ధ్రువీకరణ వ్యవస్థ లాగిన్లను నిరాకరిస్తుంది, 30 సెకన్లకొకసారి మారే ఓటీపీలు చెల్లవు. అందుకే నిలిపి లేపే మెషీన్లలో చివరి 3 స్థానంలో మైనస్ 1 పెట్టి, ఎప్పుడైనా జరపడానికి అనుమతించడమే మేలని నా అభిప్రాయం. డేటాబేస్ మెషీన్ల మాట వేరు. అక్కడ గడియారం వెనక్కి దూకితే తర్వాత రాసిన రికార్డుకు ముందటి సమయం పడుతుంది కనుక, వాటిని అసలు నిలపకుండా ఉండటమే మంచిది.

సమయం ఎక్కడ అడగాలన్నది తేలికైన ప్రశ్న. అమెజాన్‌లో 169.254.169.123 అనే చిరునామా, గూగుల్‌లో మెషీన్‌కు దాని వివరాలు అందించే మెటాడేటా సర్వర్, మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌లో, వర్చువల్ మెషీన్లను నడిపే హైపర్-వీ ఇచ్చే పీటీపీ (కచ్చితమైన సమయం అందించే) పరికరం: ఇవన్నీ ఇంటర్నెట్ దాకా పోనక్కర్లేనివి. అయితే భూభ్రమణంతో సరిపెట్టడానికి అప్పుడప్పుడు గడియారాలకు కలిపే అదనపు సెకనును, అంటే లీప్ సెకనును, అమెజాన్, గూగుల్ 24 గంటల మీద పరచి కలుపుతాయి కాబట్టి, వాటి పక్కన బయటి ఎన్టీపీ సర్వర్లను, అంటే నెట్‌వర్క్ మీద సమయం అందించే సర్వర్లను, చేర్చకూడదు. లీప్ సెకను వచ్చిన రోజు రెండింటి మధ్య అర సెకను వరకు తేడా ఉంటుంది. 2016 తర్వాత లీప్ సెకను రాలేదు గనుక దీన్ని చాలామంది మరిచిపోయారు.

మన దేశంలో 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం గడియారాలను ఎన్‌ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా ఎన్‌పీఎల్ (నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ) సర్వర్లతో గాని, వాటిని అనుసరించే సర్వర్లతో గాని సరిపోల్చుకోవాలి. పలు దేశాల్లో మౌలిక వసతులున్న సంస్థలు వేరే మూలాన్ని వాడుకోవచ్చు, కానీ అది ఆ రెండింటి నుంచి పక్కకు పోకూడదు.

ఇక పర్యవేక్షణకు 'క్రోనీసీ ట్రాకింగ్' అనే ఆదేశం ఇచ్చి అది చూపేది చూడండి. సేవ నడుస్తోందా అన్నదానికి కాక, అందులోని 'సిస్టమ్ టైమ్' వరుస చూపే తేడాకే అలారం పెట్టండి.