పందిరి ముందా, పాదు ముందా?

అమ్మాయి: రికార్డింగ్ మొదలైంది మామయ్యా. మధ్యలో కుక్కర్ కూస్తే అది అత్తయ్య వంటింట్లోదని వినేవాళ్ళు సర్దుకుంటారు. ఒడిశాలోని పర్లాకిమిడిలో, మామయ్య వాళ్ళ పెరట్లో, పర్గోలా కింద కూర్చున్నాం.

మామయ్య: పర్గోలా ఏమిటి తల్లీ, పందిరి అను. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరిది.

అమ్మాయి: సరే, పందిరే. కానీ పందిరంటే నాలుగు రాటలు పాతి తాటాకు కప్పేది కదా?

మామయ్య: పెళ్ళిపందిరి నాలుగు రోజులు నిలబడితే చాలు. ఇది ఏళ్ళ తరబడి బరువు మోయాలి. అందరూ ముందు పందిరి వేసేసి, తర్వాత ఏ తీగ వేద్దామా అని నర్సరీకి వెళ్తారు. నేనూ అదే చేశాను. ముందు తీగ తేల్చుకోవాలి. దాని బరువును బట్టే రాట.

అమ్మాయి: ఆ మొదటి పందిరి సంగతి చెప్పండి.

మామయ్య: సరుగుడు రాటలు, పైన వెదురు బద్దలు. అడుగున్నర గొయ్యి తీసి మట్టి కూరి నిలబెట్టాను. దాని మీదికి రాధామనోహరం ఎక్కించాం. సాయంత్రం తెల్లగా విచ్చుకుంటుంది, మర్నాటికి గులాబీ రంగు, ఆ తర్వాత ఎరుపు. ఒక్క గుత్తిలోనే మూడు రంగులూ కనిపిస్తాయి. రాత్రి వాసన సరేసరి. మీ అత్తయ్య కత్తెర తాకనివ్వలేదు. నాకూ మనసొప్పలేదు, అబద్ధం ఎందుకు. కింద నుంచి చూస్తే ఆకాశం కనపడేది కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చింది.

అమ్మాయి: ఎగిరిపోయిందా?

మామయ్య: ఎగరలేదు, పడుకుంది. మొత్తం పందిరి ఒకే చాపలా గోడ మీదికి ఒరిగిపోయింది. చూస్తే రాటలన్నీ నేలకి ఆనే చోటే విరిగాయి. కర్రకి తడీ గాలీ రెండూ తగిలేది అక్కడే, కుళ్ళేదీ అక్కడే. పైన గట్టిగానే ఉంది. ఇక ఆకు అంత దట్టంగా ఉంటే గాలికి సందేది? తెరచాప కట్టినట్టే.

అమ్మాయి: అందుకేనా ఈసారి ఇనుప గొట్టాలు?

మామయ్య: రెండంగుళాల జీఐ పైపు, అంటే జింకు పూత వేసిన ఇనుము. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు పందిరికి ఆరు రాటలు. రెండున్నర అడుగుల గొయ్యి, కాంక్రీటు. ప్రతి మూలకీ ఆ ఏటవాలు ముక్క చూశావా? వెల్డింగ్ కుర్రాడు అది దండగన్నాడు. నిలువు పైపులు ఎంత లావైనా అది లేకపోతే పందిరి పక్కకి ఊగుతుంది. టేకు కర్రో, సాల కర్రో వాడతానంటే వాడుకోవచ్చు. కానీ మట్టిలో పాతకూడదు. కాంక్రీటు దిమ్మె మీద ఇనప చెప్పు, అంటే రాట అడుగుని పట్టి ఉంచే తొడుగు, బిగించి, అందులో నిలబెట్టాలి.

అమ్మాయి: పైన బద్దల మధ్య చాలా ఖాళీ ఉందే. వీడియోల్లో దగ్గర దగ్గరగా వేస్తున్నారు, నీడ కోసం.

మామయ్య: ఆ వీడియోలు ఎక్కడివో! మనకి మే నెల నడుమ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడు. బద్దని ఏ దిక్కుకి తిప్పినా దాని నీడ దాని మందమే. మనకి నీడనిచ్చేది ఆకే. అందుకే అడుగుకొక బద్ద, మధ్యలో కొబ్బరి తాడు. సాయంత్రం ఎండకి పడమర వైపు నిలువునా ఒక వల.

అమ్మాయి: పైపులకి కూడా తాడు చుట్టారు. అందానికా?

మామయ్య: లేత కొస కోసం. ఎండకి ఇనుము కాలిపోతుంది, తీగ కొస మాడుతుంది. పైగా కాకర, బీర లాంటివి నులితీగలతో పట్టుకుంటాయి కదా, అంత లావు పైపుని అవి ఎలా చుట్టుకుంటాయి? శంఖపుష్పం, చిక్కుడు అయితే తామే మెలికలు తిరుగుతూ ఎక్కుతాయి. కాగితం పూల చెట్టు ఆ రెండూ కాదు. ముల్లుతో ఆనుకుంటుంది అంతే, మనమే కట్టుకుంటూ పోవాలి. కూర్చునే చోట మాత్రం అది వద్దు. కింద రాలిన ముల్లు పిల్లల కాలికి తెలుస్తుంది.

అమ్మాయి: రాధామనోహరం మళ్ళీ వేశారుగా, అదిగో ఆ మూల!

మామయ్య: (నవ్వు) మీ అత్తయ్య పోరు. నర్సరీలో రాధామనోహరం అంటే ఆ అబ్బాయి తెల్లమొహం వేశాడు. ఒడియాలో మధుమాలతి అంటే వెంటనే తీసిచ్చాడు. శంఖపుష్పం అడిగితే వాళ్ళకది అపరాజిత. ఈ ఊళ్ళో మొక్క కొనాలంటే రెండు పేర్లు తెలిసుండాలి. ఈసారి షరతు పెట్టాను. దసరా ముందే కొమ్మలు పలచన చేసేస్తాను. కొత్త కొమ్మకే పూస్తుంది కాబట్టి నష్టమేమీ లేదు.

అమ్మాయి: అది అల్లుకునేదాకా నీడ?

మామయ్య: మొదటి ఏడు శంఖపుష్పం. గింజ రాత్రంతా నానబెట్టి, రాటకి అడుగున్నర దూరంలో పెట్టాను. ఆ పక్కన సన్నజాజి, నిదానంగా ఎక్కుతుంది. ఇటు రెండు రాటలూ నావి. దొండ ఒకటి, చిక్కుడు ఒకటి. చలి మొదలైతే చిక్కుడు విరగకాస్తుంది.

అమ్మాయి: ఆనప ఎందుకు వేయలేదు? అత్తయ్యకి ఇష్టం కదా.

మామయ్య: వేశాను, పోయిన ఏడు. ఒక కాయ సరిగ్గా నువ్వు కూర్చున్న కుర్చీలోనే పడింది.

అమ్మాయి: (కుర్చీ జరిపిన చప్పుడు) ఇప్పుడు చెబుతారా!