ఆ మాట పేషెంట్ ముందు అనకండి

వేదిక మీది పెద్దలకు, హౌస్ సర్జన్లకు, వెనక నిలబడే ఉన్న స్టాఫ్ నర్సులకు నమస్కారం. అమ్మా, ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి.

డాక్టర్స్ డే కదా అని, ఈ రోజు ఎవరి పేరున జరుపుకుంటామో ఆ డాక్టర్ బి.సి. రాయ్ గారి గురించి రాసుకొచ్చాను. ఆ కాగితం పక్కన పెడుతున్నాను. నిన్న రాత్రి డ్యూటీలో ఒక అమ్మాయి అన్న మాట నన్ను వదలడం లేదు. మంచి ర్యాంకు తెచ్చుకున్న పిల్ల. "మేడమ్, నాకేమీ రాదని ఏదో ఒక రోజు అందరికీ తెలిసిపోతుందేమో" అంది.

ఈ భయానికి 1978లో పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే అమెరికా సైకాలజిస్టులు ఇంపోస్టర్ ఫినామినన్ అని పేరు పెట్టారు. వాళ్లు చూసిన 150 మందికి పైగా ఆడవాళ్లు చదువుల్లో, ఉద్యోగాల్లో పైకొచ్చినవాళ్లే. అయినా అదంతా అదృష్టమనో, ఎదుటివాళ్లు పొరబడ్డారనో అనుకునేవారట. ఇది జబ్బు కాదమ్మా.

నాకిది ఎక్కడ పట్టుకుందో చెబుతాను. నేను తెలుగు మీడియం. రౌండ్స్‌లో కేసు చెబుతూ ఇంగ్లిష్ తడబడితే, ఒక పెద్ద డాక్టరు పేషెంట్ ముందే "నీకు సీటెవరిచ్చారు?" అన్నారు. తర్వాత గోల్డ్ మెడల్ తీసుకుంటున్నప్పుడు కూడా చెవిలో ఆ మాటే. సీటెవరిచ్చారు!

ఆ మాటతోనే శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వెళ్లాను. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023లో వచ్చింది, అప్పుడదేమీ లేదు. కవిటి వైపు నుంచి ఒక కొబ్బరి రైతు వచ్చాడు. "సుగరు లేదు, బీపీ లేదు, మందు ముట్టను. కిడ్నీలెందుకు పోయాయమ్మా?" అన్నాడు. కిడ్నీ ఎంత పనిచేస్తోందో రక్తపరీక్షలో చూపే క్రియాటినిన్ ఎంతో చెప్పగలను. ఎందుకో చెప్పలేను. రాత్రంతా పుస్తకాలు తిరగేశాను. నీళ్లా, ఎండలో చాకిరీయా, పురుగుమందులా అని ఎందరో వెతికారు, ఇదీ కారణమని ఇప్పటికీ తేలలేదు. కానీ ఆ రాత్రి నాకు మాత్రం అందరికీ తెలుసు, నాకొక్కదానికే తెలియదు అనిపించింది. ఏడ్చాను.

ఆ రైతు మూడోసారి వచ్చినప్పుడు "నాకు తెలియదు బాబూ" అని చెప్పేశాను. లేచి వెళ్లిపోతాడనుకున్నాను. "నిజం సెప్పినారు. మల్లెప్పుడు రమ్మంతారు?" అన్నాడు.

సీనియర్లూ, మీకు దండం పెడతాను. తప్పు చేస్తే సరిదిద్దండి, గట్టిగానే చెప్పండి. కానీ రేపు రౌండ్స్‌లో పిల్లలు తడబడితే పేషెంట్ ముందు ఆ మాట అనకండి. వాళ్ల మీడియం, వాళ్ల ఊరు, వాళ్ల కులం తేకండి.

నిన్నటి అమ్మాయి ఈ హాల్లోనే ఉంది. పేరు చెప్పను. అమ్మా, రేపు ఓపీకి ముందు నా గదికి రా. నాకు అర్థంకాని కేసులన్నీ రాసుకున్న డైరీలు ఉన్నాయి, చూద్దువుగాని.