గీత బయటి గురువులు

సభకు నమస్కారం.

క్రికెట్ చూస్తూ పెరిగిన మనకు ఆట మొదలయ్యాక కోచ్ పని చాలావరకు అయిపోయినట్టే. బౌలర్‌ను మార్చడం, ఫీల్డర్‌ను జరపడం కెప్టెన్ చూసుకుంటాడు. అమెరికన్ ఫుట్‌బాల్ తీరు వేరు. బంతి కదిలిన కొద్ది సెకన్లలోనే ఒక ఎత్తు ముగిసిపోతుంది. తర్వాతి ఎత్తు ఏమిటో గీత బయట నిలబడిన కోచ్‌లు, పైన గాజు గదిలో కూర్చున్న వారి సహచరులు కలిసి తేల్చి, దాడిని నడిపించి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లోని చిన్న స్పీకర్‌కు చేరవేస్తారు. తర్వాతి ఎత్తు మొదలుపెట్టేందుకు ఇచ్చిన గడువులో 15 సెకన్లు మిగలగానే ఆ మాట తెగిపోతుంది. కనుక ఈ ఆటను అర్థం చేసుకోవాలంటే కోచ్‌లను కూడా ఆడేవాళ్ల లెక్కలోకి తీసుకోవాలి.

హెడ్ కోచ్ కింద దాడికి, రక్షణకు, బంతిని తన్నే ఎత్తులు చూసుకునే స్పెషల్ టీమ్స్‌కు ఒక్కొక్క కోఆర్డినేటర్ ఉంటారు. వారి కింద ఒక్కో స్థానానికి ఒక్కో కోచ్ ఉంటారు. నేను ఈ సాయంత్రం మాట్లాడదలచినది ప్రధానంగా ఈ చివరి వరుసవారి గురించే. ఆటగాడి అడుగు ఎక్కడ పడాలో, చెయ్యి ఎంత ఎత్తులో తగలాలో నేర్పేది వారే.

ఏడాది పొడవునా పనిచేసే సహాయ కోచ్‌లు, తరగతి గది, నోట్‌బుక్, రాతపరీక్ష, ఫిల్మ్ చూసి తప్పులు దిద్దడం వంటి పద్ధతులకు స్థిరమైన రూపం ఇచ్చినవాడు, 1946లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టుతో వృత్తి ఫుట్‌బాల్‌లోకి దిగిన కోచ్ పాల్ బ్రౌన్. హెల్మెట్‌లో రేడియో పెట్టడాన్ని 1956లోనే ఆయన ప్రయత్నించగా వృత్తి జట్ల లీగ్ అయిన ఎన్.ఎఫ్.ఎల్. నిషేధించింది. అదే లీగ్ 1994లో దానిని అనుమతించింది. సిన్సినాటీ బెంగాల్స్‌లో 1968 నుండి 1975 వరకు ఆయన దగ్గర సహాయకుడిగా ఉన్నవాడు బిల్ వాల్ష్. బ్రౌన్ తప్పుకున్నప్పుడు హెడ్ కోచ్ పదవి వాల్ష్‌కు దక్కలేదు. 1979లో శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ ఆయనను పిలిచింది. అంతకుముందు ఏడాది 2 గెలిచి 14 ఓడిన ఆ జట్టు, ఆయన మొదటి ఏడాదిలోనూ సరిగ్గా 2 గెలిచి 14 ఓడింది. మరో రెండేళ్లకు, 1982 జనవరిలో, లీగ్ విజేతను తేల్చే చివరి పోటీ అయిన సూపర్ బౌల్ గెలిచింది. ఓడిన జట్టు బెంగాల్స్!

ఇదంతా వాల్ష్ మేధస్సేనని చెప్పుకోవడం పరిపాటి. నాకు అది సగం మాటగానే తోస్తుంది. ఆ గెలుపు తెచ్చిన 1981 ఆటల ఋతువులో (సీజన్‌లో) రక్షణలో చివరి వరుసన నిలిచిన నలుగురిలో రానీ లాట్, ఎరిక్ రైట్, కార్ల్‌టన్ విలియమ్సన్ అనే ముగ్గురు అప్పుడే కాలేజీ నుండి వచ్చినవారు. వారిని ఒక్క ఋతువులో నిలదొక్కుకునేలా చేసిన కోచ్ జార్జ్ సీఫర్ట్. తర్వాతి కాలంలో హెడ్ కోచ్ అయ్యి మరో రెండు సూపర్ బౌల్‌లు గెలిచాడు.

ఇక నా మనసుకు అతి దగ్గరి మనిషి బాబ్ మెకిట్రిక్. 1979 నుండి 1999 వరకు ఆఫెన్సివ్ లైన్‌కు, అంటే క్వార్టర్‌బ్యాక్‌కు ముందు నిలిచి ఎదుటివారిని అడ్డుకునే వరుసకు, కోచ్‌గా అదే జట్టులో పనిచేశాడు. భారీ శరీరాల కంటే చురుకైన కాళ్లున్నవారిని ఎంచుకునేవాడు. జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1983లో 11వ రౌండులో, అంటే దాదాపు అందరూ వదిలేశాక వచ్చిన జెస్సీ సపోలు ఆయన దగ్గర నేర్చుకుని నాలుగు సూపర్ బౌల్ ఉంగరాలు సంపాదించాడు.

ఆ శిక్షణ ఎలాంటిదో చూడాలంటే 1982 జనవరి 3న న్యూయార్క్ జెయింట్స్‌తో జరిగిన పోటీని చూడాలి. ఆ ఋతువులోనే లీగ్‌లోకి వచ్చిన జెయింట్స్ ఆటగాడు లారెన్స్ టేలర్ అంచు నుండి దూసుకొచ్చి క్వార్టర్‌బ్యాక్‌లను పడగొడుతున్నాడు. అలా వచ్చే లైన్‌బ్యాకర్‌ను, అంటే రక్షణలో ముందు వరుస వెనక నిలిచేవాడిని, ఆపే పని ఆ రోజుల్లో సాధారణంగా బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌లకు అప్పగించేవారు. టేలర్ వారిని పక్కకు నెట్టేసేవాడు. జెయింట్స్ వ్యూహంలో ముందు వరుసలో ముగ్గురే ఉంటారు కాబట్టి ఆఫెన్సివ్ లైన్‌లో మధ్యవాడికి పక్కన నిలిచే గార్డ్‌కు సూటిగా ఎదురు మనిషి ఉండడు. ఆ ఖాళీని వాల్ష్ బృందం వాడుకుంది. బంతి కదలగానే ఎడమ గార్డ్ జాన్ ఏయర్స్ ముందుకు తోయడం మాని, ఒక అడుగు వెనక్కి వేసి, ఎడమకు జారి, మోకాళ్లు వంచి, నడుము కిందికి దించి కాచుకుని ఉంటాడు. టేలర్ మలుపు తిరిగి వచ్చేసరికి ఎదురుగా ఫార్టీనైనర్స్ క్వార్టర్‌బ్యాక్ జో మోంటానాకు బదులు ఏయర్స్ ఉంటాడు. మోంటానాకు బంతి విసిరే వ్యవధి దొరికింది; 38–24తో గెలుపు దక్కింది. ఆ ఒక్క అడుగు వెనక ఎంత సాధన ఉండి ఉంటుందో ఆలోచించండి.

ఇప్పుడు ఫార్టీనైనర్స్ మైదానం ఎన్నో తెలుగు కుటుంబాలు నివసించే సాంటా క్లారాలోనే ఉంది. అక్కడికి వెళ్లినప్పుడు నాలుగైదు ఎత్తులైనా బంతిని వదిలి గార్డ్ కాళ్లను చూడమని మిత్రులను కోరుతుంటాను. చూసినవారికి ఆట వేరుగా కనబడింది.

మెకిట్రిక్ ఎన్నడూ హెడ్ కోచ్ కాలేదు. ఆ జట్టు గెలిచిన అయిదు సూపర్ బౌల్‌లకూ ఆయనే లైన్ కోచ్. 1999లో క్యాన్సర్‌కు చికిత్స పొందుతూనే ఆ ఋతువంతా ఆటగాళ్లకు నేర్పాడు. 2000 మార్చిలో కన్నుమూశాడు. ఆయన పేరుతో ఆ జట్టు ఏటా ఒక బహుమతి ఇస్తుంది, అదీ ఒక లైన్ ఆటగాడికే.